నీడలకు పెట్టిన పేర్లు – మామోగ్రాములలో రొమ్ము కాన్సరు

రొమ్ము కాన్సరును గురించి వెలువడు కరపత్రములలోను, గోడపటములలోను తరచుగా ఒకే బొమ్మ కానవచ్చును. నల్లని తలము, దానిపై తెల్లని చుక్క, ఆ చుక్క నుండి అన్ని వైపులకు సాగిన సన్నని గీతలు. చూచుటకు పల్లేరుకాయ వలె నుండును. క్రింద "మామోగ్రాములో కాన్సరు" అని వ్రాసియుందురు. బొమ్మ అసత్యము కాదు. అట్టి కాన్సరులు కలవు, చాలినన్ని కలవు. కాని మామిడికాయ బొమ్మ నొకదానిని అచ్చువేసి క్రింద "కాయలు" అని వ్రాసినచో, బెండకాయ ఎదురైనపుడు అదియు కాయయే యని పిల్లవానికి తోచునా? ఈ ఒక్క బొమ్మ వలన కలుగు చిక్కు అటువంటిదే.

ఆ బొమ్మయే అంత ప్రసిద్ధి కెక్కుటకు కారణమేమి? దీనికి సమాధానము వైద్యములో కొంత, భాషలో కొంత దొరకును. మామోగ్రాములలో కనబడు నీడలను వర్ణించుటకు ప్రపంచమున పెక్కు దేశముల రేడియాలజిస్టులు వాడు పదకోశ మొకటి కలదు. దానిని అమెరికన్ కాలేజి ఆఫ్ రేడియాలజీ వారు 1990 దశకము తొలి సంవత్సరములలో తయారుచేసిరి. దానిని "బై-రాడ్స్" అని క్లుప్తముగా పిలుతురు. 2013లో దాని ఐదవ కూర్పు వెలువడినది. ఇది వైద్యుల పుస్తకము; నాది భౌతికశాస్త్రము. అయినను నీడ యనునది మా శాస్త్రమునకు చెందిన వస్తువు, పేరు అనునది భాష చదివిన వారందరి సొత్తు. కనుక ఆ పుస్తకము వేర్వేరు రోగులలో వేర్వేరుగా కనబడు ఒకే వ్యాధిని ఎంతవరకు న్యాయముగా వర్ణించినదో పరిశీలించుటకు మనకును కొంత అధికారము కలదు.

ముందు నీడ సంగతి. ఛాతీని ఎక్స్-కిరణములతో చిత్రించునపుడు తరచుగా 100 కిలోవోల్టులకు పైబడిన వోల్టేజి వాడుదురు. రొమ్మును చిత్రించుటకు 25 మొదలు 35 కిలోవోల్టుల వరకు చాలును. పూర్వము మాలిబ్డినము లక్ష్యముగా గల గొట్టములే ఉండెడివి. వాని ముఖ్యకిరణముల శక్తి 17.5, 19.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. నేడు టంగ్‌స్టన్ గొట్టములును వాడుకలో నున్నవి. ఇంత మెత్తని కిరణములు ఎందుకనగా, శక్తి తగ్గినకొలది కిరణములు ఒక్కొక్క పదార్థములో శోషింపబడుటలోని తేడా పెరుగును. ఈ శోషణము పరమాణు సంఖ్య యొక్క ఘనముతో ఇంచుమించుగా పెరుగునని పై తరగతుల విద్యార్థులు చదివియుందురు. కొవ్వుకు సగటు పరమాణు సంఖ్య సుమారు 6, గ్రంథులకు సుమారు 7, కాల్షియమునకు 20. ఘనములు తీసినచో 216, 343, 8000. అందువలననే మిల్లీమీటరులో పదియవ వంతు కొలత గల సున్నపు రేణువు కూడ చిత్రములో తెల్లని చుక్కగా మెరయును. కొవ్వు నల్లగా నుండును, గ్రంథులు తెల్లగా నుండును.

మరి కాన్సరు? దాని శోషణము గ్రంథుల శోషణమునకు దాదాపు సమానము. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఎక్స్-కిరణమునకు కాన్సరు అను వస్తువు వేరుగా తెలియదు. దాని చుట్టును కొవ్వు ఉన్నచో నల్లని నేలపై తెల్లగా కనబడును. గ్రంథులు క్రమ్మియున్నచో తెలుపులో తెలుపై కలిసిపోవును. చిత్రములో మనము చూచునది కాన్సరును కాదు. కాన్సరునకును దాని ఇరుగుపొరుగునకును గల భేదమును. ఇరుగుపొరుగు రోగికి రోగికి మారును గనుక ఒకే వ్యాధి వేర్వేరు రూపములు దాల్చును.

ఇపుడు పదకోశమునకు వత్తము. దీని సుగుణము నొకదానిని మొదట మనస్ఫూర్తిగా ఒప్పుకొనవలెను. ఏమి ఉన్నదో చెప్పుటకు ముందు ఏమి కనబడుచున్నదో చెప్పుమని ఇది శాసించును. గడ్డ నీడ కనబడినచో దాని ఆకారము చెప్పవలెను: కోలగానున్నదా, గుండ్రముగానున్నదా, వికృతముగానున్నదా. తరువాత అంచు: స్పష్టమైనదా, ప్రక్క ధాతువుచేత మరుగుపడినదా, చిన్న చిన్న బొడిపెలతో నున్నదా, చెదరిపోయినదా, ముళ్ళు గలదా. ఆ తరువాత తెల్లదనము. ఇన్నియు చెప్పిన పిమ్మటనే నిర్ణయము. ప్రయోగశాలలో పరిశీలన వేరు, అనుమానము వేరు అని మనము రికార్డు పుస్తకములలో వ్రాయించు పద్ధతియే ఇది. ఈ పదకోశమునకు పూర్వము ఒకే నీడను ఒక వైద్యుడు ఒక మాటతోను, మరియొకడు మరియొక మాటతోను వ్రాయుచుండగా, శస్త్రవైద్యునికి చేరునప్పటికి అర్థము మారిపోవుచుండెడిది.

పేరు లేకపోవుట వలన చూపు ఎట్లు తప్పిపోవునో చరిత్రలో ఒక ఉదాహరణము కలదు. 1913లో బెర్లిను నగరమున ఆల్బర్ట్ సాలమన్ అను శస్త్రవైద్యుడు, కోసి తీసిన రొమ్ములను సుమారు 3000 వరకు ఎక్స్-కిరణములతో చిత్రించెను. కొన్ని కాన్సరుల నడుమ చిన్న చిన్న చుక్కలు ఆయన కంటబడినవి. వాని ప్రాముఖ్యము ఆయనకు తెలియలేదు. (ఈ సాలమన్ 1938లో నాజీల నిర్బంధ శిబిరములో పడి, పిమ్మట హాలండునకు తప్పించుకొనెను. ఆయన కుమార్తె, చిత్రకారిణి షార్లొట్టే సాలమన్, 1943లో ఆష్విట్జ్‌లో హతురాలయ్యెను.) ఆ చుక్కలు సున్నపు రేణువులనియు, కాన్సరు జాడలనియు 1951లో ఉరుగ్వే దేశపు వైద్యుడు రౌల్ లెబోర్న్ నొక్కి చెప్పెను. వానిని ఆయన మెత్తని ఉప్పురవ్వలతో పోల్చెను. రొమ్మును పలుచగా అదిమి చిత్రించుట వలన నీడ స్పష్టమగునని బోధించిన వారిలో ఆయన ముఖ్యుడు. ఉప్పురవ్వ యను పోలిక దొరికిన తరువాత ఆ చుక్కలను వెదకని వారు లేరు.

అయితే పోలికలు ఉపకారముతోపాటు అపకారమును చేయుననుట ఈ పదకోశమునే తిరుగవేసిన తెలియును. సున్నపు రేణువుల అధ్యాయము తీయుడు. హాని చేయని రేణువులకు ఎంత సొంపైన పేర్లు! ముదిరిన మామూలు కంతిలోని రేణువులకు పేలాల పోలిక. ద్రవముతో నిండిన చిన్న తిత్తులలో అడుగుకు దిగిన సున్నమునకు "కాల్షియం పాలు" అని పేరు. మరికొన్నిటికి కడ్డీలు, వలయములకు పాతకూర్పులో గ్రుడ్డుపెంకు, రక్తనాళపు గోడలలోనివానికి వైద్యుల వాడుకలో రైలుపట్టాలు. ఒక్కసారి విన్నచో మరపురావు. ఇక అనుమానింపదగిన రేణువుల పేర్లు చూడుడు: "రూపము లేనివి," "మోటుగా అసమానమైనవి," "సన్నగా బహురూపములైనవి," "సన్నని గీతల వంటివి." చదివిన మరుక్షణము జారిపోవును. భయపడనవసరము లేనిదానికి చిత్రము, భయపడవలసినదానికి విశేషణము!

ఇది గ్రంథకర్తల అశ్రద్ధ కాదు. హానిలేని మార్పు ఒక క్రమములో పెరుగును, కనుక దానికి ఒక రూపము ఏర్పడును; రూపమున్నచోట పోలిక దొరకును. కాన్సరు అక్రమముగా పెరుగును. దాని రేణువులు ఒకదానివలె ఒకటి ఉండవు. పోలిక దొరకకుండుటయే దాని లక్షణము. అయినను ఫలితమొకటి తప్పలేదు. కాన్సరు పక్షమున ఉన్న మాటలన్నిటిలో చక్కని చిత్రమును మనసుకు తెచ్చునది ఒక్కటే: ముళ్ళు గల గడ్డ. గోడపటములకు ఎక్కినది అదియే. మాటకు బొమ్మ ఉన్నది గనుక బొమ్మకు ప్రచారము వచ్చినది.

ఆ ముళ్ళును ఒక విచిత్రమే. అవి చాలవరకు కాన్సరువి కావు. పాలనాళములలో పుట్టి గోడ దాటి వచ్చిన కాన్సరు చుట్టును శరీరము పీచు ధాతువును పెంచును. ఆ పీచు బిగుసుకొని చుట్టుప్రక్కల ధాతువులను లోపలికి లాగును. లాగిన దారములే తెల్లని ముళ్ళు. శరీరము ప్రతిఘటించినది గనుక శత్రువు స్థానము బయటపడినది. మధ్యవయస్సు దాటి, గ్రంథులు తగ్గి, కొవ్వు హెచ్చిన స్త్రీలో ఇట్టి గడ్డ సెంటీమీటరు లోపున నున్నను నల్లని ఆకాశమున చుక్కవలె కనబడును. పటములోని బొమ్మ ఈమెది. కాని అట్టి ముళ్ళే పాత శస్త్రచికిత్స మచ్చలోను, కొవ్వు చితికిన చోటను రావచ్చును. వాని నన్నిటిని ఒకే మాట క్రింద చేర్చి, వెనుకటి శస్త్రచికిత్స సంగతి అడిగి తెలిసికొనుమని పదకోశము రేడియాలజిస్టు విజ్ఞతకు వదలినది. అది సబబే.

మరియొక రోగి. ఈమె వయస్సు ముప్పది దాటినది, తల్లి నుండి బి.ఆర్.సి.ఎ.-1 అను జన్యువులో లోపము సంక్రమించినది. ఇట్టివారిలో వచ్చు కాన్సరులు అనేకము త్వరత్వరగా పెరుగునవి. పీచు పెంచుటకు శరీరమునకు వ్యవధి లేదు. గడ్డ గుండ్రముగా, అంచు నున్నగా, రేణువులు లేకుండ, చూచుటకు ఏ హానియు లేని కంతివలె నుండును. పటములోని పల్లేరుకాయను నమ్మినవారు దీనిని చూచి ఊరట చెందుదురు. జిగురు వంటి పదార్థమును స్రవించు కాన్సరు ఒకటి వృద్ధులలో హెచ్చుగా కనబడును; అదియు ఇట్లే మర్యాదగల అంచుతో నుండగలదు. "స్పష్టమైన అంచు" అను మాట పదకోశములో మంచి వైపున వ్రాయబడినది. సామాన్యముగా అది నిజమే. అయితే అంచు మంచితనము గుణమునకు ప్రమాణము కాదనుటకు ఈ ఇద్దరు రోగులు సాక్షులు. అందువలననే క్రొత్తగా పుట్టిన నున్నని గడ్డను అల్ట్రాసౌండుతోను, అవసరమైనచో సూదితో ముక్క తీసియు పరీక్షింతురు.

మూడవ రూపము అన్నిటికంటె మోసకరమైనది. రొమ్ములోని చొచ్చుకొనిపోవు కాన్సరులలో నూటికి 10 మొదలు 15 వరకు లాబ్యులార్ అను జాతికి చెందినవి. వీనిలోని జీవకణములకు ఒకదానినొకటి అంటిపెట్టుకొను జిగురు లోపించినది. ఆ జిగురు ఇ-కాడ్హెరిన్ అను ప్రోటీను. జిగురు లేని కణములు ముద్ద కట్టవు. చీమలబారు వలె ఒకదాని వెనుక నొకటిగా ఉన్న ధాతువుల మధ్య నుండి సాగిపోవును. ముద్ద లేదు గనుక గడ్డనీడ లేదు, రేణువులును అరుదు. రెండు రొమ్ముల చిత్రములను ప్రక్కప్రక్కన పెట్టినపుడు ఒకవైపున మాత్రము కొంచెము తెలుపు హెచ్చినట్లు తోచును, లేక దారములు అకారణముగా ఒక బిందువువైపు లాగబడినట్లుండును. ఒక్కొక్కప్పుడు ఏమియు ఉండదు. చేతికి గట్టిదనము తెలియుచుండును, చిత్రము మాత్రము నిర్మలముగా నుండును.

ఇట్టివాని కొరకు పదకోశము రెండు మాటలు సిద్ధపరచినది: "అసమానత," "నిర్మాణవక్రత." ఐదవ కూర్పు అసమానతను నాలుగు తరగతులుగా విభజించినది. ఒకే కోణమున కనబడునది, రెండు కోణములలో కొంతచోట కనబడునది, చాల భాగమును ఆక్రమించునది, వెనుకటి చిత్రముతో పోల్చగా పెరుగుచున్నది. ఈ నాలుగవది నాకు పుస్తకమంతటిలో మిక్కిలి నచ్చిన మాట. మిగిలిన పేర్లన్నియు ఆకారమునకు పెట్టినవి. ఇది కాలమునకు పెట్టిన పేరు. ఆమెను ఇతర స్త్రీలతో కాక, రెండేండ్ల క్రిందటి ఆమెతోనే పోల్చుచున్నారు. పాత చిత్రములను పారవేయరాదని వైద్యులు చెప్పుటకు అర్థ మిదియే.

నాళపు గోడ లోపలనే ఉండి, ఇంకను బయటికి రాని కాన్సరును గురించి రేణువుల ప్రస్తావనలో కొంత వచ్చినది. నాళము నడుమ కణములు పెరిగి, ఊపిరాడక చచ్చి, ఆ శవముల గుట్టపై సున్నము పేరుకొనును. మూసలో పోసిన లోహము మూస రూపమును పొందినట్లు, రేణువులు నాళపు గొట్టము రూపమున సన్నని గీతలై, గొట్టము చీలినచోట చీలికలై కనబడును. చేతికి ఏ గడ్డయు తగలదు. రోగికి ఏ బాధయు ఉండదు. మామోగ్రాము తన గొప్పతనమును చూపునది ఇక్కడ. ఆకారముతోపాటు రేణువులు పరచుకొన్న తీరును చెప్పుమనుట పదకోశపు తెలివి. చెదురుమదురుగా రెండు రొమ్ములలోను ఉన్నచో సామాన్యముగా భయము లేదు. చనుమొనవైపు సన్నగిల్లు ఒక త్రికోణములో ఉన్నచో ఒకే నాళవృక్షపు కొమ్మలలో నున్నవని అర్థము. "కాల్షియం పాలు" అను హానిలేని రేణువులను గుర్తించుట మన విద్యార్థులకు వినోదముగా నుండును. పై నుండి తీసిన చిత్రములో అవి మసక చుక్కలు. ప్రక్క నుండి తీసినచో, సున్నము గురుత్వాకర్షణము వలన తిత్తి అడుగునకు దిగి, టీకప్పులో మిగిలిన అడుగుబొట్టు వలె నెలవంకలగును. ఒకే వస్తువు, రెండు దిక్కుల నుండి రెండు నీడలు.

వాపుతో వచ్చు కాన్సరు వేరొక తీరు. చర్మము మందమగును, లోపలి దారములు బలియును, రొమ్ము అంతయు తెల్లబడును. గడ్డ అను నది కనబడకపోవచ్చును. పైకి నారింజతొక్క వలె కనబడు చర్మమును చూచి చీముగడ్డ యని మందులు వాడుచు కాలహరణము జరుగుట కలదు. ఇక రొమ్ము కాన్సరులలో నూటికి ఒకటి లోపున పురుషులకు వచ్చును. పురుషుని రొమ్ములో గ్రంథి స్వల్పము గనుక నీడ స్పష్టమే. చనుమొన వెనుక, కొంచెము ప్రక్కకు తొలగి, గడ్డగా నుండును. చూచుట సులభము, చూపించుకొనుటకు వచ్చువారే తక్కువ.

ఇరుగుపొరుగును గురించి ఇంతకు ముందు చెప్పితిని. అలంకారశాస్త్రములో మీలితమని ఒక అలంకారము కలదు. స్వభావముచేతనే ఎర్రనైన పాదములకు లత్తుక పూసినచో అది వేరుగా కనబడదు. గ్రంథులు దట్టముగా నున్న రొమ్ములో కాన్సరు చేయునది ఇదియే. తరగతిలో చూపదలచిన ఉపాధ్యాయులకు ఒక ప్రయోగము: బోరోసిలికేట్ గాజుకడ్డీని మొదట నీటిలో ముంచుడు, తరువాత గ్లిసరినులో ముంచుడు. నీటిలో కడ్డీ కనబడును. గ్లిసరినులో దాదాపు మాయమగును. ఇక్కడ సమానమైనవి వక్రీభవన గుణకములు, అక్కడ సమానమైనవి శోషణ గుణకములు. ఆ తేడా పిల్లలకు చెప్పవలెను. కడ్డీ ఎక్కడికిని పోలేదని మాత్రము వారే గ్రహింతురు.

రొమ్ములోని ఈ గ్రంథిభాగమును పదకోశము నాలుగు అక్షరములతో సూచించును. దాదాపు అంతయు కొవ్వయినచో మొదటి తరగతి, అంతయు గ్రంథియైనచో నాలుగవది. అమెరికాలో 40 ఏండ్లు దాటిన స్త్రీలలో ఇంచుమించు సగముమంది మూడు, నాలుగు తరగతులలో నున్నారు. పాత కూర్పులో ఇవి శాతములు: నూటికి 25 లోపు, 50 లోపు, ఇట్లు. ఐదవ కూర్పు శాతములను తీసివేసినది. మొత్తము మీద గ్రంథి తక్కువైనను, ఒక మూల దట్టముగా నున్నచో ఆ మూలలో కాన్సరు దాగగలదు గనుక "ఎంత" అనుటకంటె "దాచగలదా" అనుట ముఖ్యమని వారి ఆశయము. అంకెలను వదలుకొనుట భౌతికశాస్త్రజ్ఞునికి కష్టమే. అయినను ఈ మార్పు సరియైనదే యని నా తీర్పు. సగటు అంకె ఎంత కచ్చితముగా నున్నను, అది అడుగవలసిన ప్రశ్నకు సమాధానము కానపుడు దానితో ప్రయోజనము లేదు. లోపమేమనగా, ఒకే చిత్రమును ఇద్దరు చూచి ఒకరు రెండవ తరగతి, మరియొకరు మూడవ తరగతి అనుట కలదు. ఈ తరగతిని పట్టి 2024 సెప్టెంబరు 10 నుండి అమెరికాలో ప్రతి స్త్రీకిని తన రొమ్ములు దట్టమైనవో కావో వ్రాతమూలకముగా తెలుపవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. ఒక కంటి అంచనాపై ఒక ఉత్తరము ఆధారపడినది.

రోగిని బట్టి యంత్రపు గుణమును మారుననుటకు 2005లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశీలన నిదర్శనము. ఉత్తర అమెరికాలో 49,528 మంది స్త్రీలకు ఫిల్ముతోను, డిజిటల్ పద్ధతితోను, రెండు విధముల చిత్రములు తీసిరి. అందరిని కలిపి చూడగా రెండును సమానమే. కాని 50 ఏండ్ల లోపువారిలోను, గ్రంథులు దట్టమైనవారిలోను డిజిటల్ చిత్రము మేలుగా పనిచేసినది. సగటున మరుగుపడిన సంగతి విడదీసిన పిమ్మట బయటపడినది. అనేక కోణముల నుండి చిత్రించి పొరలుపొరలుగా చూపు టోమోసింథసిస్ పద్ధతికి 2011లో అమెరికాలో అనుమతి లభించినది. పై పొర నీడ క్రింది పొరపై పడుట తగ్గుటచే నిర్మాణవక్రతలు మునుపటికంటె బాగుగా తెలియుచున్నవి. అయినను తెలుపు తెలుపే.

మన దేశములో ఈ విషయము మరికొంత బరువైనది. ఇక్కడ రొమ్ము కాన్సరు పాశ్చాత్య దేశములకంటె సగటున సుమారు పదేండ్లు ముందుగా కనబడుచున్నది. చిన్న వయస్సు అనగా దట్టమైన గ్రంథులు. ప్రజలందరికి మామోగ్రాము అను పథకము మనకు లేదు. ఆరోగ్యకార్యకర్తలు చేతితో చేయు పరీక్షయే మన జాతీయ కార్యక్రమపు పద్ధతి. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ప్రారంభించిన పరిశీలనలో 1,51,538 మంది స్త్రీలు పాల్గొనిరి. ఫలితములు 2021లో వెలువడినవి. రెండేండ్ల కొకమారు చేతిపరీక్ష చేయించుకొన్నవారిలో వ్యాధి ముదరకముందే బయటపడినది. 50 ఏండ్లు దాటినవారిలో మరణములు నూటికి సుమారు 30 తగ్గినవి. అంతకు తక్కువ వయస్సువారిలో మరణములు తగ్గినట్లు తేలలేదు. చేతికిని, యంత్రమునకును చిన్న వయస్సే కష్టముగా నుండుట గమనింపదగినది.

ఇక పదకోశముపై నా ముఖ్యమైన ఆక్షేపణ. వర్ణన ముగిసిన పిమ్మట చిత్రమునకు 0 మొదలు 6 వరకు ఒక అంకె వేయుదురు. అంకెలు క్రమముగా నుండునని ఎవరైనను తలంతురు. ఇవి అట్లు లేవు. 0 అనగా అన్నిటికంటె మేలని కాదు. చిత్రములు చాలలేదు, ఇంకను తీయవలెనని. 6 అనగా అన్నిటికంటె అనుమానమని కాదు. ముక్క పరీక్షలో కాన్సరని ముందే తేలినదని. నడుమనున్నవి మాత్రమే అనుమానపు మెట్లు: 3 అయినచో కాన్సరు అయ్యెడి అవకాశము నూటికి 2 మించదు, 5 అయినచో 95కు తగ్గదు, 4 మాత్రము 2 నుండి 95 వరకు అంతటిని మింగినది. అందువలన దానిని మరల మూడు ముక్కలు చేయవలసి వచ్చినది. చూచినదానిని, అనుమానించినదానిని, చేయవలసినదానిని ఒకే అంకెలో ఇరికించుటచే వచ్చిన చిక్కు ఇది. వర్ణనాధ్యాయములలో కనబడిన క్రమశిక్షణ ఇక్కడ సడలినది.

అన్నిటికంటె అపార్థమునకు లోనగునది 1. దాని పేరు "నెగటివ్." చిత్రములో చెప్పదగిన దేదియు లేదని మాత్రమే దాని భావము. కాన్సరు లేదని కాదు. చేతికి గడ్డ తగులుచుండగా చిత్రము నిర్మలముగా నున్నచో, చేతిని నమ్మి ముందుకు పోవలెనేగాని చిత్రమును నమ్మి ఆగరాదని వైద్యులందరు ఎరుగుదురు. కాగితము చేతబట్టుకొని ఇంటికి పోవు రోగికి ఆ సంగతి అంకె చెప్పదు.

ఈ పదములు తెలుగులోనికి వచ్చునపుడు జరుగు అనర్థము వేరు. కంప్యూటరు అనువాదములలో గడ్డనీడకు వాడు "మాస్" అను మాట "ద్రవ్యరాశి" యగుట చూచితిని. రొమ్ములో ద్రవ్యరాశి కనుగొనబడినదట! గ్రంథిభాగమును తెలుపు "డెన్సిటీ"ని "సాంద్రత" అనుచున్నారు. ఘనపరిమాణముతో ద్రవ్యరాశిని భాగించగా వచ్చునది సాంద్రత యని తొమ్మిదవ తరగతిలో నేర్చిన పిల్లవాడు, రొమ్ము బరువెక్కినదనియో, చేతికి గట్టిగా నుండుననియో అనుకొనును. ఈ గుణము చేతికి తెలియదు. మెత్తగా నున్న రొమ్ము చిత్రములో తెల్లగా నుండవచ్చును. "నెగటివ్"ను "ప్రతికూలము" అన్నప్పుడు ఇక చెప్పవలసిన దేమున్నది? ఏమియు కనబడని స్త్రీ కీడు మూడినదని ఏడ్చును. గడ్డనీడ, గ్రంథిభాగము, ఏమియు కనబడలేదు అను మాటలు చాలును. ఇవి పాండిత్యము లేని మాటలే, కాని వినినవారికి వేరొక అర్థము తోచదు.

పాఠశాలలో ఆరోగ్యవిషయమై గోడపటము తయారుచేయు ఉపాధ్యాయులకు ఒక సూచన. పల్లేరుకాయ బొమ్మను తీసివేయనక్కరలేదు. దాని ప్రక్కన మూడు గడులు గీయుడు. ఒకదానిలో నున్నని గుండ్రని నీడ, రెండవదానిలో చీలిన గీతలుగా సున్నపు రేణువులు. మూడవదానిలో ఎడమ, కుడి రొమ్ముల చిత్రములు, రెండును సమానముగా తెల్లనివి, రెండింటిలోను ఏ గుర్తును లేనివి. దానిక్రింద కూడ "మామోగ్రాములో కాన్సరు" అనియే వ్రాయుడు. అది ఏ వైపున నున్నదని పిల్లలు అడుగుదురు; అప్పుడు గాజుకడ్డీని, గ్లిసరినును బల్లమీదికి తీసికొనిరావచ్చును.